వారం వారం గంటలు మారే ఉద్యోగంలో సెలవు లెక్క: యూకేలో పనిచేసేవారికి సమగ్ర మార్గదర్శి

శుక్రవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో రోటా, అంటే ఎవరికి ఎప్పుడు షిఫ్టో చెప్పే పట్టిక, పడుతుంది. ఈ వారం మీ పేరు పక్కన 8 గంటలు. పై వారం 20. ఆ తర్వాతి వారం ఖాళీ. లండన్‌లోనో లెస్టర్‌లోనో మాంచెస్టర్‌లోనో చదువుకుంటూ సూపర్‌మార్కెట్లలో, కేర్ హోముల్లో, వేర్‌హౌసుల్లో పనిచేసే మన పిల్లలకు ఇది అలవాటైన సంగతే. వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, నాకు ఫిక్స్‌డ్ గంటలు లేవు కదా, పెయిడ్ హాలిడే వస్తుందా?"

వస్తుంది. జీరో అవర్స్ కాంట్రాక్ట్ (ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీ లేనిది) అయినా, వీసా స్టూడెంట్ వీసా అయినా, వారానికి నాలుగు గంటలే చేసినా వస్తుంది. పని మొదలుపెట్టిన రోజు నుంచే వస్తుంది. కాకపోతే ఎంత వస్తుందో మనం లెక్క వేసుకోవాలి, అడగాలి. నేను ఇక్కడ చేసిన మొదటి ఉద్యోగం మానేసేటప్పుడు దాదాపు 40 గంటల సెలవు డబ్బు వదిలేసి వచ్చాను. ఎవరూ దాచలేదు, నేను అడగలేదు, అంతే.

ఈ లెక్కలో జనం తికమక పడేది ఒక్కచోటే. ఇందులో రెండు ఖాతాలున్నాయి. ఒకటి గంటల ఖాతా: ఎన్ని గంటల సెలవు జమ అయింది? రెండోది డబ్బు ఖాతా: ఆ సెలవు తీసుకుంటే గంటకు ఎంత ఇవ్వాలి? రెండింటికీ సూత్రాలు వేరు, చూసే కాలం వేరు. రెండూ కలిపేస్తే ఎక్సెల్ షీట్ ఎంత అందంగా ఉన్నా జవాబు తప్పే. హైదరాబాద్‌లో కూర్చుని యూకే కంపెనీల పేరోల్ చేసే మిత్రులు కూడా ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఒక హద్దు ముందే చెప్పాలి. ఇక్కడ రాసింది ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లకు వర్తిస్తుంది. ఉత్తర ఐర్లాండ్‌లో నిబంధనలు వేరు.

12.07 ఎక్కడి నుంచి వచ్చింది

1998 నాటి వర్కింగ్ టైమ్ రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి వర్కర్‌కూ ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు ఉండాలి. వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి అది 28 రోజులు. అంతకన్నా ఎక్కువ రోజులు పనిచేసినా చట్టం ఇచ్చే గరిష్ఠం 28 రోజులే.

ఏడాదికి 52 వారాలు. అందులో 5.6 వారాలు సెలవు పోతే పనిచేసేది 46.4 వారాలు. 5.6ను 46.4తో భాగిస్తే 0.1207 వస్తుంది. అంటే పనిచేసిన ప్రతి 100 గంటలకూ సుమారు 12 గంటల సెలవు. మన దగ్గర ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) లెక్కకు అలవాటు పడ్డవారికి దీని తీరు కొత్తేమీ కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 20 రోజుల పనికి ఒక రోజు సెలవు ఉండేది. అక్కడ రోజులు లెక్కపెట్టేవారు, ఇక్కడ గంటలు లెక్కపెడతారు. పైగా ఇక్కడ 240 రోజులు నిండాలన్న షరతు లేదు.

ఈ 12.07 శాతం పేరోల్ వాళ్లు చాలా ఏళ్లుగా వాడుతున్నదే. కానీ 2022 జులై 20న బ్రిటన్ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బెడ్‌ఫర్డ్‌లోని ఒక బాలికల పాఠశాలలో శాక్సఫోన్, క్లారినెట్ నేర్పే లెస్లీ బ్రేజెల్ అనే టీచర్ హార్పర్ ట్రస్ట్ మీద వేసిన కేసు అది. ఆమెకు టర్మ్ నడిచే వారాల్లోనే పని. అయినా కాంట్రాక్ట్ ఏడాది పొడవునా ఉంది కాబట్టి పూర్తి 5.6 వారాల సెలవు ఇవ్వాల్సిందేనని, పనిచేసిన గంటలను బట్టి తగ్గించకూడదని కోర్టు చెప్పింది. దాంతో ఏడాదిలో కొన్ని వారాలే పనిచేసేవారికి, ఏడాదంతా పనిచేసేవారికంటే దామాషాలో ఎక్కువ సెలవు వచ్చే పరిస్థితి ఏర్పడింది. యాజమాన్యాలు గగ్గోలు పెట్టాయి. ప్రభుత్వం చట్టాన్నే మార్చి, గంటలు మారేవారికీ ఏడాదిలో కొంతకాలమే పనిచేసేవారికీ 12.07 శాతం పద్ధతిని రాతపూర్వకంగా చేర్చింది. 2024 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ప్రతి సెలవు సంవత్సరానికీ అదే వర్తిస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, టర్మ్ టైమ్ టీచర్లు ఈ మార్పుతో నష్టపోయారు. రోటా మీద బతికే స్టూడెంట్‌కు మాత్రం తన లెక్క తానే వేసుకోగల సులువు దొరికింది.

మొదటి మెట్టు: మీ గంటలు నిజంగా మారేవేనా?

కాలిక్యులేటర్ పక్కన పెట్టి కాంట్రాక్ట్ తీయండి. ఈ 12.07 శాతం అందరికీ కాదు. రెండు రకాల వాళ్లకే.

ఒకటి, ప్రతి పే పీరియడ్‌లోనూ (ఒక్కో జీతం లెక్కేసే కాలంలోనూ) జీతం వచ్చే గంటలు పూర్తిగా గానీ చాలావరకు గానీ మారుతూ ఉంటాయని కాంట్రాక్టే చెప్పే వాళ్లు. జీరో అవర్స్ కాంట్రాక్ట్ ఇందుకు తిరుగులేని ఉదాహరణ. రెండు, ఏడాదిలో కొంతకాలమే పనిచేసే వాళ్లు. అంటే పని చేయాల్సిన అవసరమూ లేని, జీతమూ రాని రోజులు కనీసం ఒక వారం పాటు వరుసగా ఉండే ఉద్యోగాలు. స్కూల్ సెలవుల్లో జీతం రాని ఉద్యోగాలు ఈ రకానివే.

చాలామంది పొరబడేది ఇక్కడే. గంటలు మారడం వేరు, కాంట్రాక్ట్‌లో రాసిన వరుస ప్రకారం మారడం వేరు. ఒక కేర్ హోమ్ కాంట్రాక్ట్‌లో "మొదటి వారం 36 గంటలు, రెండో వారం 24 గంటలు, మళ్లీ ఇదే వరుస" అని ఉందనుకోండి. గంటలు మారుతున్నట్టు కనిపించినా అది స్థిరమైన పనివేళల కిందికే వస్తుంది. అలాంటివారు సగటు తీసుకోవాలి. 36, 24 కలిపితే 60, సగటు 30. దాన్ని 5.6తో గుణిస్తే ఏడాదికి 168 గంటల సెలవు. వాళ్లకు ఇక్కడితో గంటల లెక్క అయిపోయింది. ఉద్యోగంలో మొదటి ఏడాది మాత్రం ఆ మొత్తం నెలకు పన్నెండో వంతు చొప్పున జమ అవుతూ వస్తుంది.

మధ్యలో ఇరుక్కునేవారూ ఉంటారు. కాంట్రాక్ట్‌లో 10 గంటలకు గ్యారంటీ, చేసేదేమో 18, 20. ఇది ఏ రకమో కాంట్రాక్ట్ మాటల్ని బట్టి ఉంటుంది. ఆ అదనపు గంటలు అప్పుడప్పుడూ చేసే ఓవర్‌టైమా, లేక గంటలు మారడమే ఆ ఉద్యోగ స్వభావమా? అనుమానం ఉంటే హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో ఒక్క ముక్క అడగండి: సెలవు లెక్కలో నన్ను ఏ రకం వర్కర్‌గా చూస్తున్నారు? జవాబు రాతలో ఉంటే తర్వాత వాదన ఉండదు.

ఏజెన్సీ ద్వారా వేర్‌హౌస్‌కు వెళ్లేవారికీ సెలవు ఉంది. ఇవ్వాల్సింది మాత్రం మీకు జీతం వేసే ఏజెన్సీ. మీరు పనిచేసే గోడౌన్ మేనేజర్‌ను అడిగి లాభం లేదు. సొంతంగా వ్యాపారం చేసుకునే సెల్ఫ్ ఎంప్లాయిడ్ వాళ్లకు ఈ హక్కు లేదు. అయితే కాగితం మీద ఆ ముద్ర వేసినంత మాత్రాన సరిపోదు. ఊబర్ డ్రైవర్లు వర్కర్లేనని, వాళ్లకు సెలవు జీతం హక్కు ఉందని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండో మెట్టు: రెండు తేదీలు పట్టుకోండి

మీ సెలవు సంవత్సరం ఎప్పుడు మొదలవుతుంది? కొన్ని కంపెనీల్లో జనవరి 1, కొన్నింట్లో ఏప్రిల్ 1. కాంట్రాక్ట్‌లో ఏమీ రాయకపోతే మీరు ఉద్యోగంలో చేరిన తేదీ నుంచే లెక్క.

మీ పే పీరియడ్ ఎంత? వారమా, నాలుగు వారాలా, నెలా? సెలవు జమ అయ్యేది పే పీరియడ్ చివరి రోజున. అంటే నెల జీతం అయితే నెలాఖరుకు ఆ నెల సెలవు మీ ఖాతాలో పడుతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నాలుగో మెట్టు దగ్గర ఇదే గంటల్ని తినేస్తుంది.

మూడో మెట్టు: గంటల ఖాతా

ఒక పే పీరియడ్‌లో పనిచేసిన గంటల్ని 0.1207తో గుణించండి. అంతే.

ఒక అమ్మాయి సూపర్‌మార్కెట్‌లో నెల జీతానికి పనిచేస్తోందనుకుందాం. ఏప్రిల్‌లో 62 గంటలు చేసింది. 62ను 0.1207తో గుణిస్తే 7.48. మే నెలలో 71.5 గంటలు, అంటే 8.63. జూన్‌లో 84 గంటలు, అంటే 10.14.

ఇందులో ఏ గంటలు వేయాలి? పని చేసిన గంటలన్నీ. ఓవర్‌టైమ్ ఉంటే అదీ వేయాలి. జీతం ఇచ్చే ట్రైనింగ్ గంటలూ పనే. సెలవు మీద ఉన్న గంటలు మాత్రం వేయకూడదు. 12.07 వచ్చిందే సెలవు వారాలు తీసేసిన 46.4 నుంచి కాబట్టి, సెలవు మీద మళ్లీ సెలవు కలిపితే ఒకే దాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు.

జీతం ఇవ్వని బ్రేక్ గంటలు కూడా రావు. పేస్లిప్‌లో ఉన్న గంటల సంఖ్య, మీరు ఫోన్‌లో రాసుకున్న సంఖ్య ఒకటేనా అని నెలనెలా చూసుకోండి. మీరు రాసుకోవడం లేదంటే ఈ రోజే మొదలుపెట్టండి. రోటా స్క్రీన్‌షాట్లు పనికొస్తాయి గానీ రోటా వేరు, నిజంగా చేసిన షిఫ్ట్ వేరు. ఆఖరి నిమిషంలో "అరగంట ఉండవా" అని ఆపేసిన రోజులు రోటాలో కనిపించవు.

నాలుగో మెట్టు: అరగంట గీత

జమ అయిన సెలవులో గంటకు తక్కువ ముక్క మిగిలితే చట్టం చెప్పేది ఇది: అరగంట కన్నా తక్కువైతే వదిలేయాలి, అరగంట గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే పూర్తి గంటగా లెక్కించాలి.

పై అమ్మాయికి ఏప్రిల్‌లో 7.48 గంటలు వచ్చాయి. 0.48 గంట అంటే 29 నిమిషాలు. ఒక్క నిమిషం తేడాతో అది పోయింది, 7 గంటలే. మేలో 8.63 కాస్తా 9 అయింది. జూన్‌లో 10. మూడు నెలలకు 26. ముక్కలు వదలకుండా మొత్తం 217.5 గంటల మీద ఒకేసారి లెక్కేసినా 26.25, అంటే 26 గంటలే. నెల జీతం వాళ్లకు ఇలా పోయింది, వచ్చింది చెల్లుకు చెల్లు అవుతుంది.

వారం జీతం వాళ్ల సంగతి అలా కాదు. నాలుగు వారాల్లో వరుసగా 20, 19, 20, 18 గంటలు చేశారనుకోండి. వారం వారం లెక్కేస్తే 2.41, 2.29, 2.41, 2.17. ప్రతి వారమూ ముక్క పోయి 2 గంటలే మిగులుతుంది. నాలుగు వారాలకు 8. అదే 77 గంటలు నెల జీతంగా వచ్చి ఉంటే 9.29, అంటే 9 గంటలు. స్టూడెంట్ వీసా మీద టర్మ్ టైమ్‌లో 20 గంటల పరిమితి ఉన్నవాళ్ల గంటలు సరిగ్గా ఈ రౌండింగ్ గీతకు కింద పడుతుంటాయి. 21 గంటలు చేస్తే 2.53 అయి 3కి చేరేది, కానీ 21 చేయకూడదు కదా.

చట్టం చెప్పేది కనీసం మాత్రమే. అంతకన్నా ఉదారంగా ఇవ్వడానికి కంపెనీకి అడ్డేమీ లేదు. చాలా పేరోల్ సాఫ్ట్‌వేర్లు దశాంశాలను అలాగే ఉంచుకుని పోగేస్తాయి. మీ కంపెనీ ఏం చేస్తుందో అడగండి. వారం జీతమైతే తప్పకుండా అడగండి.

ఐదో మెట్టు: డబ్బు ఖాతా

ఇప్పుడు 12.07ను పక్కన పెట్టేయండి. అది గంటలకు. సెలవు తీసుకున్నప్పుడు ఎంత డబ్బు ఇవ్వాలి అన్నది వేరే లెక్క.

గంటలు మారేవారికి ఒక వారం సెలవు జీతం అంటే గత 52 వారాల సగటు వారపు జీతం. ఇది 2020 ఏప్రిల్ 6 వరకు 12 వారాల సగటుగా ఉండేది. క్రిస్మస్ రద్దీ తర్వాత సెలవు పెడితే లాభం, ఫిబ్రవరి మందకొడిలో పెడితే నష్టం అన్నట్టుండేది. 52 వారాలకు మార్చాక ఆ ఎగుడుదిగుళ్లు సర్దుకున్నాయి.

సగటులో జీతం వచ్చిన వారాలే లెక్క. ఖాళీ వారాన్ని సున్నాగా వేసి సగటు తగ్గించకూడదు. దాన్ని దాటేసి, ఇంకో వారం వెనక్కి వెళ్లి 52 నింపాలి. అనారోగ్య సెలవు, ప్రసూతి సెలవులాంటి వారాలనూ ఇలాగే దాటేయాలి. ఇలా 104 వారాల దాకా వెనక్కి వెళ్లొచ్చు, అంతకు మించి కాదు. చేరి 52 వారాలు కాకపోతే ఉన్న పూర్తి వారాలతోనే సగటు తీయాలి. పరీక్షల కోసం ఆరు వారాలు పనికి వెళ్లని స్టూడెంట్‌కు ఈ ఒక్క నియమం వల్లే చాలా తేడా వస్తుంది. చిన్న సంస్థల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు కూడా ఇదే: ఏడాది మొత్తం జీతాన్ని గుడ్డిగా 52తో భాగించేస్తారు.

అంకెల్లో చూద్దాం. ఒక కుర్రాడికి జీతం వచ్చిన 52 వారాల్లో మొత్తం 832 గంటలు, అంటే సగటున వారానికి 16. గంటకు 13 పౌండ్లు. మూల జీతం 10,816 పౌండ్లు. రాత్రి షిఫ్ట్‌లకు అదనంగా వచ్చింది 416 పౌండ్లు. మొత్తం 11,232. దాన్ని 52తో భాగిస్తే వారానికి 216 పౌండ్లు. 16 గంటలతో భాగిస్తే గంటకు 13.50.

అంటే అతను ఒక వారం సెలవు పెడితే రావాల్సింది 216 పౌండ్లు. "నీ రేటు 13 కదా, 16 గంటలకు 208" అని ఇస్తే 8 పౌండ్లు తక్కువ ఇచ్చినట్టు. 5.6 వారాలకు దాదాపు 45 పౌండ్లు. రాత్రి షిఫ్ట్ అదనం, క్రమం తప్పకుండా వచ్చే ఓవర్‌టైమ్, కమిషన్ లాంటివి సెలవు జీతంలోకి రావాలి.

ఒక పిట్టకథ. స్టూడెంట్ వీసా 20 గంటల పరిమితికి వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. హాలిడే పే సగటులో వారం సాధారణంగా ఆదివారం నుంచి శనివారం. రెండింటికీ ఒకే షీట్ వాడితే ఆదివారం షిఫ్ట్ తప్పు వారంలో పడుతుంది. హాలిడే పేలో అలాంటి పొరపాటుకు కొన్ని పెన్నీలు పోతాయి. వీసా విషయంలో అయితే టెన్షన్ వేరే స్థాయిలో ఉంటుంది. రెండు షీట్లు పెట్టుకోండి.

ఆరో మెట్టు: మీది రోల్డ్ అప్ హాలిడే పేనా?

పేస్లిప్‌లో ప్రతి నెలా "హాలిడే పే" అని ఒక లైన్ కనిపిస్తోందా, మీరు సెలవే పెట్టకపోయినా? అయితే మీ కంపెనీ సెలవు డబ్బును జీతంతో పాటే ముందుగా ఇచ్చేస్తోంది. దీన్ని రోల్డ్ అప్ హాలిడే పే అంటారు. 2006లో యూరోపియన్ కోర్టు దీన్ని తప్పుపట్టింది. కొత్త నిబంధనల తర్వాత, గంటలు మారేవారికి, ఏడాదిలో కొంతకాలమే పనిచేసేవారికి మాత్రం బ్రిటన్‌లో ఇది మళ్లీ చట్టబద్ధమైంది. ఈ పద్ధతిలో ఐదో మెట్టులోని 52 వారాల సగటు అక్కర్లేదు. ఆ పే పీరియడ్‌లో మీ మొత్తం జీతం మీద 12.07 శాతం, అంతే.

ఒక నెలలో 70 గంటలు, గంటకు 13 పౌండ్లు. జీతం 910. దానిమీద 12.07 శాతం అంటే 109.84 పౌండ్లు. చేతికి, పన్నులకు ముందు, 1,019.84.

ఈ పద్ధతిలో మూడు విషయాలు గట్టిగా చూసుకోవాలి. ఆ 109.84 పేస్లిప్‌లో విడిగా కనిపించాలి. "నీ రేటులోనే కలిసి ఉందిలే" అనే నోటిమాట చెల్లదు. రెండోది, కనీస వేతనం. 2026 ఏప్రిల్ 1 నుంచి 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. ఒక షాపు "గంటకు 14 పౌండ్లు, హాలిడే పే కలిపి" అందనుకోండి. వినడానికి బాగానే ఉంటుంది. 14ను 1.1207తో భాగించండి: 12.49. అసలు రేటు కనీస వేతనం కన్నా తక్కువ! హాలిడే పేను కనీస వేతనంలో భాగంగా చూపకూడదు. 12.71 మీద హాలిడే పే కలిపితే 14.24 పౌండ్లన్నా కావాలి. ఈ భాగహారం ఫోన్‌లో పది సెకన్ల పని, కొత్త ఉద్యోగానికి ఒప్పుకునే ముందు చేసుకోండి.

మూడోది, డబ్బు ముందే ఇచ్చారు కాబట్టి సెలవు లేదని కాదు. విశ్రాంతి తీసుకునే హక్కు అలాగే ఉంటుంది, కాకపోతే ఆ వారం జీతం రాదు. అందుకే ఆ లైన్‌లో వచ్చే డబ్బును నెలనెలా పక్కన పెట్టమంటాను. లేకపోతే సంక్రాంతికి ఊరెళ్లాల్సిన నెలలో టికెట్ డబ్బులకు, అద్దెకు రెండింటికీ తడుముకోవాల్సి వస్తుంది.

జబ్బు చేసినప్పుడు, ప్రసూతి సెలవులో

పని చేయని కాలంలో గంటలు సున్నా కాబట్టి సెలవూ సున్నా అనుకోకండి. అనారోగ్య సెలవు, ప్రసూతి సెలవుల్లో కూడా వార్షిక సెలవు జమ అవుతూనే ఉంటుంది. దానికి ముందున్న 52 వారాల్లో మీరు చేసిన సగటు గంటలు తీయాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. డబ్బు సగటులో ఖాళీ వారాల్ని దాటేశాం. ఈ సగటులో ఖాళీ వారాల్ని కూడా కలపాలి. జబ్బు సెలవు, ప్రసూతి సెలవుల్లాంటి వారాల్ని మాత్రమే వదిలేయాలి.

52 వారాల్లో 780 గంటలు చేస్తే సగటు 15. ఆరు వారాలు ఆస్పత్రి పాలైతే 15ను 6తో, దాన్ని 0.1207తో గుణించాలి. 10.86, అంటే 11 గంటలు జమ.

సెలవు అడగడం, తీసుకోవడం

కాంట్రాక్ట్‌లో వేరే నియమం లేకపోతే, తీసుకోవాలనుకున్న సెలవుకు రెట్టింపు రోజులు, పైన ఇంకో రోజు ముందుగా నోటీసు ఇవ్వాలి. ఐదు రోజుల సెలవుకు 11 రోజుల ముందు. కంపెనీ కాదనొచ్చు, కానీ అదీ సెలవు ఎన్ని రోజులో అన్ని రోజులు, పైన ఒక రోజు ముందే చెప్పాలి. ఎప్పుడు తీసుకోవాలన్నది వాళ్లు అటూ ఇటూ జరపొచ్చు గానీ అసలు తీసుకోనివ్వకపోవడం కుదరదు.

వారం సెలవు పెడితే ఖాతాలోంచి ఎన్ని గంటలు కోయాలి? ఆ వారం రోటా పడి ఉంటే ఆ గంటలు. పడకపోతే సాధారణంగా మీ సగటు వారపు గంటలు. కోసే ముందే మేనేజర్‌తో ఆ సంఖ్య ఈమెయిల్‌లో తేల్చుకోండి.

జీరో అవర్స్ ఉద్యోగాల్లో ఒక చిలిపి పని నడుస్తుంది. ఇండియా వెళ్తానని సెలవు అడిగితే "సరే, ఆ మూడు వారాలు రోటాలో నీ పేరు వేయను" అంటారు. ఎంత మంచివాడో అనిపిస్తుంది. రోటాలో పేరు లేకపోవడం పెయిడ్ హాలిడే కాదు. జీతం ఇస్తేనే సెలవు. రోల్డ్ అప్ పద్ధతి కాకపోతే "నా ఖాతాలో 40 గంటలున్నాయి, ఈ మూడు వారాలకు అవి వాడండి" అని స్పష్టంగా రాయండి.

బ్యాంక్ హాలిడేలు ఇంగ్లండ్, వేల్స్‌లో ఎనిమిది. అవి 5.6 వారాలకు అదనం కావాలన్న నియమం లేదు, అందులోనే కలిపేయొచ్చు. ఈ విషయంలో మన వాళ్లు అనవసరంగా గొడవ పడటం చూశాను.

ఏడాది చివర్లో మిగిలిన సెలవు మామూలుగా పోతుంది. కానీ కంపెనీ మిమ్మల్ని సెలవు తీసుకోనివ్వకపోయినా, తీసుకోమని ప్రోత్సహించకపోయినా, వాడకపోతే పోతుందని చెప్పకపోయినా అందులో పై ఏడాదికి తీసుకెళ్లే హక్కు ఉంటుంది. జబ్బు వల్లో ప్రసూతి వల్లో వాడలేకపోయినా అంతే.

ఉద్యోగం మానేసేటప్పుడు

ఉద్యోగంలో ఉండగా చట్టబద్ధమైన సెలవును డబ్బుగా అమ్ముకోలేం. మానేసినప్పుడు మాత్రం వాడని గంటలకు డబ్బు ఇవ్వాల్సిందే. మీరే మానేసినా, వాళ్లు తీసేసినా.

ఏడాది మొదలు నుంచి చివరి రోజు దాకా జమ అయింది 58 గంటలు, వాడింది 24 అనుకోండి. మిగిలింది 34. ఐదో మెట్టులో వచ్చిన 13.50 రేటుతో గుణిస్తే 459 పౌండ్లు. ఆఖరి పేస్లిప్‌లో ఈ లైన్ లేకపోతే సౌమ్యంగా ఒక ఈమెయిల్ చాలు: ఇన్ని గంటలు చేశాను, ఇంత జమ, ఇంత వాడాను, మిగిలింది ఇదిగో, ఏ తేదీన వేస్తారు? లెక్క కట్టి పంపినవాడికి సాధారణంగా డబ్బు వస్తుంది. "నా హాలిడే పే ఏమైంది" అని మాత్రమే రాసినవాడికి "చూస్తాం" అని జవాబు వస్తుంది.

అయినా కదలకపోతే ఉద్యోగ వివాదాల్లో సలహా ఇచ్చి రాజీ కుదిర్చే ఎకాస్ అనే సంస్థ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఉచితం. ట్రిబ్యునల్‌కు వెళ్లాలన్నా ముందు ఎకాస్ ద్వారా రాజీ ప్రయత్నం మొదలుపెట్టాల్సిందే. గడువులు చాలా తక్కువ. డబ్బు రావాల్సిన తేదీ నుంచి మూడు నెలలు దాటనివ్వకుండా కదలండి. ఇండియా తిరిగి వచ్చేశాక గుర్తొచ్చి నాకు మెసేజ్ పెట్టినవాళ్లు ఉన్నారు. అప్పటికి నేను చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఒక ఇబ్బందికరమైన మాట కూడా. పేస్లిప్ లేకుండా చేతిలో నోట్లు పెట్టే చోట పనిచేసినా, వీసా పరిమితి దాటి గంటలు చేసినా ఈ లెక్కలు నిరూపించడం కష్టం, అడగడానికి ధైర్యమూ ఉండదు. కొందరు యజమానులు నమ్ముకునేది సరిగ్గా ఆ భయాన్నే.

షీట్ ఎలా పెట్టుకోవాలి

గూగుల్ షీట్‌లో ఆరు కాలమ్‌లు చాలు: వారం మొదలైన తేదీ, చేసిన గంటలు, వచ్చిన జీతం, జమ అయిన సెలవు, వాడిన సెలవు, మిగిలింది. నెల జీతమైతే నాలుగో కాలమ్‌ను నెలాఖరులో ఒక్కసారే నింపండి. జీతం రాని వారాలకు ఒక రంగు, జబ్బు వారాలకు ఇంకో రంగు వేయండి. సగటు తీసేటప్పుడు వేటిని దాటేయాలో, వేటిని ఉంచాలో కంటికే తెలుస్తుంది. పేస్లిప్‌లు వచ్చిన వెంటనే సొంత ఈమెయిల్‌కు పంపుకోండి. మానేసిన మర్నాడే కంపెనీ యాప్‌లో మీ లాగిన్ పనిచేయకుండా పోవచ్చు.